బేస్‌బాల్ ఆడే పిల్లలకు ఏ పుస్తకాలు? తెలుగు అమ్మానాన్నలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

పిట్స్‌బర్గ్‌లో మా వారాంతపు తెలుగు బడిలో ఓ మూల పుస్తకాల అలమర ఉంది. దాన్ని చూసుకునే పని నా నెత్తిన పడి చాలా ఏళ్ళయింది. వేమన పద్యాల పక్కన బేస్‌బాల్ పుస్తకాలేమిటని మొదట్లో అందరూ నవ్వారు. ఏప్రిల్ వచ్చి పిల్లలు లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ జట్లలో, చేరగానే ముందు ఖాళీ అయ్యేవి అవే. వాటితో పాటే వాట్సాప్‌లో సందేహాలూ వస్తాయి, ఏటా అవే. టైపు చేసి చేసి విసుగొచ్చి జవాబులన్నీ ఇక్కడ పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి, వరసగా చదవక్కర్లేదు.

## పుస్తకం ఎంచుకునే ముందు

మా ఇంట్లో క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియదు. చదివి వినిపించాలంటే బేస్‌బాల్ ఎంత తెలిసుండాలి?

కొంచెం చాలు. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడే, కాకపోతే బంతిని పిచ్ మీద వెయ్యడు, నేరుగా విసురుతాడు. ఊపినా తగలకపోయినా, కొట్టదగ్గ బంతిని వదిలేసినా ఒక స్ట్రైక్, అలాంటివి మూడు పడితే బ్యాటర్ ఔట్. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు (బేస్ అంటే మైదానం మూలల్లో పెట్టే గుర్తు) నడిచిపోవచ్చు. కొట్టాక బ్యాటు అక్కడే పడేసి పరుగెత్తాలి. బేస్‌లన్నీ చుట్టి బయల్దేరిన చోటికి, అంటే హోమ్ ప్లేట్‌కి వస్తే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే అవతలి జట్టు వంతు. రెండు జట్ల వంతూ అయితే ఒక ఇన్నింగ్, పెద్దవాళ్ళ ఆటలో అలాంటివి తొమ్మిది.

తాతయ్యలు తికమకపడేది రెండు చోట్ల. కొట్టిన బంతి వెనక్కి పోతే పరుగు లేదు, అది ఫౌల్. ఎంత అందమైన లేట్ కట్ అయినా ఇక్కడ చెల్లదు. రెండోది సగటు. బ్యాటింగ్ సగటు .300 అంటే పదిసార్లలో మూడుసార్లు హిట్ కొట్టాడని (బంతి కొట్టి క్షేమంగా బేస్ చేరితే హిట్), ఏడుసార్లు కొట్టలేదని అర్థం. అయినా వాడు గొప్ప ఆటగాడే! ఈ లెక్క ఒక్కటి అర్థమైతే పిల్లలకు సగం దిగులు తీరుతుంది.

మా చిన్నదానికి నాలుగేళ్ళు. అంత చిన్నవాళ్ళకు ఏమైనా ఉందా?

ఆరన్ మెషాన్ బొమ్మలు వేసి రాసిన 'టేక్ మీ ఔట్ టు ది యాక్యూ' ఇవ్వండి. జపాన్‌లో బేస్‌బాల్‌ను యాక్యూ అంటారు. ఒక పిల్లాడు అమెరికా తాతతో ఇక్కడి ఆటకు, జపాన్ తాతతో అక్కడి ఆటకు వెళ్తాడు. ఒక పేజీలో అమెరికా, ఎదుటి పేజీలో జపాన్. తిండి వేరు, అరుపులు వేరు, ఆట మాత్రం ఒకటే. ఇద్దరు తాతలున్న పిల్లలకు వివరించాల్సిన పని లేదు. మా బడిలో ఓ పాప దీన్ని చూసి "మరి కాకినాడ తాతయ్య పేజీ ఏది?" అంది.

ఏడేళ్ళ వాడికి ఒక్కటంటే ఒక్క పుస్తకం చెప్పమంటే ఏది చెప్తారు?

మా ఊరి పక్షపాతం నాకుంది, ముందే ఒప్పుకుంటున్నాను. జోనా వింటర్ రాసి, రౌల్ కోలోన్ బొమ్మలు వేసిన, మా ఊరి జట్టు ఆటగాడు రొబెర్టో క్లెమెంటే కథ, 2005లో వచ్చింది. క్లెమెంటే ప్యూర్టో రికోలోని కరోలినా అనే ఊళ్ళో 1934లో పుట్టాడు. తండ్రిది చెరకు తోటల్లో పని. కొనడానికి డబ్బుల్లేక జామకొమ్మతో బ్యాటు, కాఫీగింజల గోనెసంచితో గ్లవ్, సూపు డబ్బాలే బంతులు. జామచెట్టు ఎక్కిన పిల్లలెవరైనా ఆ పేజీ దగ్గర ఆగిపోతారు, వాళ్ళ నాన్నలు అంతకన్నా ఎక్కువసేపు ఆగుతారు.

1955 నుంచి 18 సీజన్లు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌కే ఆడాడు. 1972 సెప్టెంబర్ 30న మూడువేలవ హిట్ కొట్టాడు. ఆ డిసెంబర్‌లో నికరాగువాలో భూకంపం వచ్చింది. తాను పంపిన సాయం బాధితులకు చేరకుండా దారి మళ్ళుతోందని తెలిసి, 31వ తేదీ రాత్రి తనే సామాన్ల విమానం ఎక్కాడు. అది సముద్రంలో కూలిపోయింది, శరీరం దొరకలేదు. ఏడేళ్ళ వాడికి చావు గురించి ఎలా చెప్పాలని వెనకాడకండి. పుస్తకం దాన్ని నెమ్మదిగానే చెప్తుంది.

మావాడి పేరు బడిలో, మైదానంలో ఎవరికీ నోరు తిరగదు. వాడే కురచ చేసుకుంటున్నాడు. దీనికి పనికొచ్చే కథ ఉందా?

ఉంది, అదీ క్లెమెంటేదే. అతను రొబెర్టో అని చెప్పుకుంటూనే ఉన్నాడు, బేస్‌బాల్ కార్డుల మీద ఏళ్ళ తరబడి 'బాబ్ క్లెమెంటే' అనే అచ్చువేశారు. అతను మాట్లాడే ఇంగ్లీషును పత్రికలు ఉచ్చారణ తప్పులతో సహా అలాగే అచ్చువేసి నవ్వుకునేవి. అతనికి అది ఎంత మంటో అడిగినవాళ్ళందరికీ చెప్పేవాడు.

దీన్ని మించిన ముచ్చట ఇంకోటి ఉంది, మన తెలుగువాళ్ళకు ఇట్టే తలకెక్కేది. స్పానిష్ పద్ధతిలో పేరు తర్వాత తండ్రి ఇంటిపేరు, ఆ తర్వాత తల్లి ఇంటిపేరు వస్తాయి. అంటే రొబెర్టో క్లెమెంటే వాకర్. బేస్‌బాల్ మేటి ఆటగాళ్ళను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1973లో పెట్టిన కంచు ఫలకం మీద రొబెర్టో వాకర్ క్లెమెంటే అని తారుమారు చేశారు. ఫలకాన్ని మళ్ళీ పోతపోసి సరిచేసింది 2000లో. ఇంటిపేరు ముందు రాసే మనం ఇక్కడి ఫారాల్లో దాన్ని చివరికి తోస్తాం, మధ్యలో ఉన్నది ఎగిరిపోతుంది, చివరికి పిల్లవాణ్ణి ఎవరో ఇంటిపేరుతో పిలుస్తారు. మా వాణ్ణి ఒక సీజనంతా మైకులో అలాగే పిలిచారు. ఈ ఫలకం కథ చెప్పాక వాడే వెళ్ళి సరిచేయించుకున్నాడు.

విల్లీ పెర్డోమో రాసిన 'క్లెమెంటే!' కూడా చూడండి. ఆ ఆటగాడి పేరు పెట్టుకున్న ఓ పిల్లాడు చెప్పే కథ, బ్రయన్ కోలియర్ బొమ్మలు. స్పానిష్ మాటలు మధ్యమధ్యలో అలవోకగా వస్తాయి, మనింట్లో ఇంగ్లీషులోకి తెలుగు వచ్చినట్టు.

ఇండియా పిల్లలు కనిపించే బేస్‌బాల్ పుస్తకమే లేదా?

ఉమా కృష్ణస్వామి రాసిన 'స్టెప్ అప్ టు ది ప్లేట్, మరియా సింగ్' ఉంది, 2017 నాటిది. సరిగ్గా చెప్పాలంటే అందులో ఆట సాఫ్ట్‌బాల్. 1945, కాలిఫోర్నియాలోని యూబా సిటీ. అయిదో తరగతి మరియాకు నాన్న పంజాబీ, అమ్మ మెక్సికన్. ఇది కల్పించిన కలయిక కాదు. అప్పటి వలస చట్టాల వల్ల పంజాబీ రైతులు ఇండియా నుంచి భార్యల్ని తెచ్చుకోలేకపోయారు, అక్కడి మెక్సికన్ స్త్రీలను పెళ్ళి చేసుకున్నారు. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు భూమి కొనకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. భారతీయులకు ఆ అర్హత లేదని 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో తేల్చింది. 1946లో చట్టం మారేదాకా అంతే. మరియా వాళ్ళ నాన్న సాగుచేసే పొలం చేజారిపోతుందేమోనన్న భయం కథ పొడవునా ఉంటుంది. గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డ ఇళ్ళలో దీన్ని పిల్లలకంటే పెద్దలే శ్రద్ధగా చదవడం చూశాను.

నిజం మనుషులు కావాలంటే: రింకూ సింగ్, దినేష్ పటేల్ అనే ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు ఒక టీవీ పోటీలో బంతి వేగంగా విసిరి 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ జావెలిన్ విసిరినవాళ్ళే, బేస్‌బాల్ ముఖం చూసినవాళ్ళు కాదు. వాళ్ళు మేజర్ లీగ్ దాకా, అంటే ఇక్కడి అన్నిటికన్నా పై స్థాయి ఆట దాకా, వెళ్ళలేదు. తల్లి తరఫున భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ మాత్రం 2024 సెప్టెంబర్‌లో టెక్సాస్ రేంజర్స్‌కు పిచర్‌గా దిగాడు.

మనవాళ్ళుంటేనే ఇస్తామని పట్టుబట్టకండి. పిల్లలకు తమ ముఖమే కనపడనక్కర్లేదు, తమ ఇబ్బంది కనపడితే చాలు.

ఇండియా నుంచి ఈ మధ్యే వచ్చాం. పాపకు ఇంగ్లీషు వచ్చినా స్నేహితులు లేరు. ఏమిస్తే బాగుంటుంది?

బెట్టీ బావ్ లార్డ్ 1984లో రాసిన 'ఇన్ ది ఇయర్ ఆఫ్ ది బోర్ అండ్ జాకీ రాబిన్సన్'. చైనా నుంచి 1947లో బ్రూక్లిన్ వచ్చిన ఓ అమ్మాయి, షర్లీ టెంపుల్ వాంగ్ అని తనకు తనే పేరు పెట్టుకుంటుంది. బళ్ళో పొద్దున్నే చెప్పే జెండా ప్రతిజ్ఞను ఆమె ఎలా వింటుందో చదివితే నవ్వాగదు. ఆ ఏడే జాకీ రాబిన్సన్, ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడు, బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు ఆడటం మొదలుపెట్టాడు. రేడియోలో అతని ఆట వింటూ ఆమె ఆ ఊరిదైపోతుంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ళ వాళ్ళకు సరిపోతుంది. కొన్ని మాటలు పాతబడ్డాయి కనుక పక్కన కూర్చుని చదివితే మేలు.

పదేళ్ళు దాటాడు, పుస్తకం అంటే పారిపోతాడు. వాడికి?

బొమ్మల నవలతో మొదలుపెట్టండి. జె. టోరెస్ రాసి డేవిడ్ నమిసాటో గీసిన 'స్టీలింగ్ హోమ్' చూపించండి. వాంకూవర్‌లో జపాన్ సంతతి వాళ్ళకు అసాహి అనే జట్టు ఉండేది. ఆ జట్టంటే ప్రాణమిచ్చే శాండీ అనే కుర్రాణ్ణి యుద్ధకాలంలో కుటుంబంతో సహా కెనడా ప్రభుత్వం ఊరి నుంచి వెళ్ళగొడుతుంది.

అది నచ్చితే కదీర్ నెల్సన్ 'వి ఆర్ ది షిప్' తీయండి. 2008లో వచ్చింది, ఆ మరుసటి ఏడు కొరెట్టా స్కాట్ కింగ్ రచయిత పురస్కారం, సైబర్ట్ పతకం రెండూ గెలిచింది. నల్లజాతి ఆటగాళ్ళు తమ సొంత లీగులు కట్టుకున్న చరిత్ర ఇది. అధ్యాయాలకు ఇన్నింగులని పేరు, కథ చెప్పేది 'మేము' అనే గొంతు. ఊరి అరుగు మీద ఓ పెద్దాయన పాత సంగతులు చెప్తున్నట్టే ఉంటుంది. చదవకపోయినా ఫరవాలేదు, తైలవర్ణ చిత్రాలు తిప్పుతూ కూర్చోనివ్వండి. మా అలమరలో అట్ట ఊడిపోయిన పుస్తకం ఇదొక్కటే.

ఆడపిల్లల కథలు?

మామీ జాన్సన్‌తో మొదలుపెట్టండి. 1943 నుంచి 1954 దాకా నడిచిన ఆడవాళ్ళ ప్రొఫెషనల్ లీగ్ నల్లజాతి అమ్మాయి కాబట్టి ఆమెను సెలక్షన్ దగ్గరే వెనక్కి పంపింది. ఆమె 1953లో మగవాళ్ళ జట్టు ఇండియానాపోలిస్ క్లౌన్స్‌లో పిచర్‌గా చేరింది! పొట్టిగా ఉంటుందని 'పీనట్', అంటే వేరుశనగ గింజ అని పేరు. లియా హెండర్సన్ రాసిన 'మామీ ఆన్ ది మౌండ్' చిన్నవాళ్ళకు. అదే జట్టుకు ఆడిన టోనీ స్టోన్ బాల్యం మీద క్రిస్టల్ హబ్బర్డ్ రాసిన 'క్యాచింగ్ ది మూన్' ఉంది.

ఈ కాలపు అమ్మాయి కావాలంటే మోనే డేవిస్. 2014 లిటిల్ లీగ్ ప్రపంచ పోటీల్లో అవతలి జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వకుండా గెలిపించింది. ఆమె తన కథ తనే పుస్తకంగా రాసింది. లిటిల్ లీగ్ 1939లో మొదలైనా ఆడపిల్లలకు తలుపు తీసింది 1974లో. ఆ మాట చెప్పినప్పుడు మా బడి అమ్మాయిలు మా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది, మేమే తలుపు మూసినట్టు.

## పుస్తకాలు దొరకడం

కొనాలా, లైబ్రరీ చాలా?

లైబ్రరీ చాలు. బొమ్మల పుస్తకాన్ని పిల్లలు రెండు వారాల్లో ముప్ఫైసార్లు చదివి వదిలేస్తారు. మీ ఊరి శాఖలో లేకపోతే మరో లైబ్రరీ నుంచి తెప్పించమని కౌంటర్‌లో అడగండి, తెప్పిస్తారు. లైబ్రరీ కార్డు ఉంటే లిబ్బీ యాప్‌లో కొన్ని ఫోన్‌లోనే వస్తాయి. కానీ కదీర్ నెల్సన్ బొమ్మల్ని ఫోన్‌లో చూడటమంటే తిరుపతి లడ్డూను ఫొటోలో చూడటమే.

హైదరాబాద్‌లో అక్క పిల్లలకు ఎలా పంపను?

ఎవరైనా వెళ్తుంటే చేతికివ్వండి. గట్టి అట్ట బొమ్మల పుస్తకాలు బరువు, పెట్టెకు 23 కిలోలే కాబట్టి రెండుకు మించి పెట్టకండి. పచ్చళ్ళు ఇటు, పుస్తకాలు అటు, మా ఇంట్లో ఇదే ఒప్పందం. క్రికెట్ పిచ్చి ఉన్న పిల్లలకు ఆట కన్నా మనుషుల కథ ముఖ్యంగా ఉన్నవే నచ్చుతాయి.

తెలుగులో చెప్పాలంటే బేస్‌బాల్ మాటల్ని ఏం చెయ్యాలి?

వదిలేయండి. పిచర్, బేస్, హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) అలాగే ఉంచి మిగతాదంతా మీ ఊరి తెలుగులో చెప్పండి. క్రికెట్‌కు మనం అదే చేశాంగా, వికెట్‌ను ఎవరు అనువదించారు? ఒక్క మాట మాత్రం అనువదిస్తేనే అందం. 'స్టీల్' అంటే పిచర్ ఏమరుపాటు చూసి తర్వాతి బేస్‌కు పరుగెత్తడం. దాన్ని "బేస్ కొట్టేశాడు" అంటే పిల్లలు కిసుక్కుమంటారు.

## చదివేటప్పుడు

పుస్తకంలో 'నీగ్రో' అని వచ్చింది. పైకి చదవనా, దాటెయ్యనా?

లీగు పేరులో భాగంగా వస్తే చదవండి. రూబ్ ఫాస్టర్ 1920లో కాన్సాస్ సిటీలో స్థాపించిన లీగు పేరే నీగ్రో నేషనల్ లీగ్. చరిత్రలో ఉన్న పేరును మార్చలేం. మనుషుల్ని మాత్రం అలా అనకూడదని అక్కడే చెప్పండి. మన పాత తెలుగు పుస్తకాల్లో ఆ మాట మామూలుగా వాడేశారు, తాతయ్యలు ఇప్పటికీ అలవాటుకొద్దీ అంటారు. వాళ్ళను పిల్లల ముందు చిన్నబుచ్చక, "ఇప్పుడు నల్లజాతివాళ్ళు అంటున్నాం నాన్నా" అంటే సరిపోతుంది. తిట్టుగానే వాడిన మాటలు కొన్ని పుస్తకాల్లో ఉంటాయి. వాటిని నేను పైకి చదవను. ఆగి, ఇక్కడ ఒక తిట్టు ఉందని చెప్తాను.

జపాన్ వాళ్ళను కంచె లోపల పెట్టిన కథ పిల్లకు భయం వెయ్యదా?

కెన్ మోచిజుకి రాసి డామ్ లీ బొమ్మలు వేసిన 'బేస్‌బాల్ సేవ్డ్ అస్' గురించే ఎక్కువమంది ఇలా అడుగుతారు. 1993లో వచ్చింది. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వాళ్ళను శిబిరాల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పుట్టిన అమెరికా పౌరులు. కథలో కాపలా బురుజు మీద ఒక సైనికుడు ఉంటాడు, పిల్లలు చూసేది అతన్నే. "మనల్నీ పెడతారా?" అని అడుగుతారు. పెట్టరని ఒట్టేసి దాటెయ్యకండి. అది తప్పని ప్రభుత్వమే 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పిందని, బతికున్న బాధితులకు తలా 20,000 డాలర్లు ఇచ్చిందని చెప్పండి. ఏడేళ్ళు నిండితే తట్టుకుంటారు.

కాస్త కులాసాగా ఉండేది కావాలంటే మరీసా మాస్ 'బార్బ్‌డ్ వైర్ బేస్‌బాల్'. కెనిచి జెనిమురా అనే ఆటగాడు, ఎత్తు అయిదడుగులు, అరిజోనాలోని గిలా రివర్ శిబిరంలో కొడుకులతో కలిసి పొదలు పీకి, నేల చదును చేసి, నీళ్ళు మళ్ళించి నిజమైన మైదానం తయారుచేశాడు. పొలం దున్నిన తాతలున్న ఇళ్ళలో ఇది బాగా పారుతుంది.

"క్లీవ్‌లాండ్ ఇండియన్స్ అంటే మనమేనా?" అని అడిగాడు. ఏం చెప్పను?

కాదనే చెప్పండి, కొలంబస్ పొరపాటు దగ్గర మొదలుపెట్టి. ఆ జట్టు 1915లో పెట్టుకున్న పేరు అమెరికా మూలవాసుల గురించి. ఏళ్ళ తరబడి వాళ్ళు అభ్యంతరం చెప్పాక 2022 సీజన్ నుంచి గార్డియన్స్ అయింది. బిల్ వైజ్ రాసిన లూయిస్ సోకలెక్సిస్ కథ దీనికి తోడుగా చదవండి. పెనాబ్‌స్కాట్ తెగ యువకుడు, 1897లో క్లీవ్‌లాండ్ తరఫున ఆడాడు. జనం గాలరీల్లోంచి వెక్కిరింపు కేకలు వేసేవాళ్ళు. మూలవాసి ఆటగాడు ఎవరొచ్చినా 'చీఫ్' అనే పిలిచేవాళ్ళు, హాల్ ఆఫ్ ఫేమ్ పిచర్ చార్లెస్ బెండర్‌నూ వదల్లేదు. మనం 'రెడ్ ఇండియన్' అనే మాటనూ ఈ సందర్భంలోనే అటకెక్కిస్తే మంచిది.

ఈ కథల్లో రాసిందంతా నిజంగా జరిగిందేనా?

అంతా కాదు. పిల్లల పుస్తకాల్లో నాకు కోపం తెప్పించేది ఇదొక్కటే. పురాణం చెప్పినట్టు చెప్పేసి చరిత్ర అని ముద్ర వేస్తారు.

పీటర్ గోలెన్‌బాక్ 'టీమ్‌మేట్స్' తీసుకోండి. 1947లో సిన్సినాటిలో జనం జాకీ రాబిన్సన్‌ను తిడుతుంటే, అదే జట్టులో ఆడే, కెంటకీ నుంచి వచ్చిన తెల్లవాడు పీ వీ రీస్ అందరి ముందూ వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడని అందులో ఉంది. 2005లో బ్రూక్లిన్‌లో ఆ దృశ్యానికి విగ్రహం కూడా పెట్టారు. కానీ ఆ ఏడాది పత్రికల్లో ఆ సంఘటన కనపడదు. రాబిన్సన్ తర్వాత చెప్పుకున్నప్పుడు బోస్టన్‌లో, 1948లో అన్నాడు. వాళ్ళిద్దరి స్నేహం మాత్రం నిజం, ఎవరూ కాదనరు.

విలియం హోయ్ అనే చెవిటి ఆటగాడి కథలు రెండున్నాయి, నాన్సీ చర్నిన్‌ది, బిల్ వైజ్‌ది. అతను 1889లో ఒకే ఆటలో ఔట్‌ఫీల్డ్ నుంచి బంతి విసిరి ముగ్గుర్ని హోమ్ ప్లేట్ దగ్గర ఔట్ చేశాడు, అది రికార్డుల్లో ఉంది. అంపైర్లు చేతులతో సైగ చెయ్యడం అతని వల్లే మొదలైందన్న మాట దగ్గర మాత్రం చరిత్రకారులు ఒప్పుకోరు. 1931లో జాకీ మిచెల్ అనే 17 ఏళ్ళ అమ్మాయి అప్పటి మేటి బ్యాటర్లు బేబ్ రూత్‌ను, లూ గెరిగ్‌ను వరసగా ఔట్ చేసింది, అదీ జరిగిందే. వాళ్ళు కావాలని ఔటయ్యారా అన్న వాదన ఇంకా తెగలేదు.

పుస్తకం చివర రచయిత మాట ఉంటుంది, చిన్న అక్షరాల్లో. ముందు అది మీరు చదవండి. తర్వాత పిల్లల్ని "దీన్ని చూసినవాళ్ళెవరు? ఎక్కడ రాశారు?" అని అడగండి. పదేళ్ళ పిల్లలకు ఈ ఆరా ఆట కన్నా సరదా.

పాత పుస్తకంలో టై కాబ్ సగటే అన్నిటికన్నా ఎక్కువ అని ఉంది, ఇంటర్నెట్‌లో జాష్ గిబ్సన్ అంటున్నారు. ఏది సరి?

రెండూ, ముద్రించిన ఏడాదిని బట్టి. నీగ్రో లీగులు కూడా మేజర్ లీగులేనని మేజర్ లీగ్ బేస్‌బాల్ 2020 డిసెంబర్‌లో ప్రకటించింది. ఆ ఆటల లెక్కల్ని 2024 మేలో అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో గిబ్సన్ .372 సగటుతో మొదటి స్థానానికి వచ్చాడు. మా పిట్స్‌బర్గ్‌లోనే, హోమ్‌స్టెడ్ గ్రేస్‌కు, క్రాఫర్డ్స్‌కు ఆడిన మనిషి. 1947 జనవరిలో 35 ఏళ్ళకే పోయాడు. జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది ఆ ఏప్రిల్ 15న. పాత పుస్తకం పారెయ్యకండి. ఆ పేజీలో పెన్సిల్‌తో కొత్త అంకె రాయించండి.

## పిల్లలు గట్టిగా అడిగినప్పుడు

"మన ఊళ్ళో కూడా ఇలాగే వేరుగా కూర్చోబెట్టేవాళ్ళా?" అంది. నాకు నోట మాట రాలేదు.

అవునని చెప్పండి. ఈ ప్రశ్న రాని ఇల్లు లేదు, తప్పించుకోని పెద్దలూ తక్కువే. 'నల్లవాళ్ళకు వేరే కుళాయి' అన్న బొమ్మ చూపించి అమెరికాను తప్పుపట్టి ఊరుకుంటే, హోటళ్ళలో రెండు గ్లాసుల పద్ధతి గురించి రేపు ఎక్కడో చదివి మనల్నే నిలదీస్తారు. కులం వేరు, జాతి వేరు, రెండూ ఒకటేనని చెప్పక్కర్లేదు. కానీ వేరే గ్లాసు వేరే గ్లాసే.

ఆటలోంచే ఉదాహరణ కావాలంటే పల్వంకర్ బాలూ ఉన్నాడు. దళితుడు, ఎడమచేతి స్పిన్నర్. పూణేలో జట్టు కోసం వికెట్లు తీసేవాడు, టీ విరామంలో మాత్రం అతనికి బయట, మట్టి కప్పులో ఇచ్చేవాళ్ళు. 1911లో భారత జట్టుతో ఇంగ్లండ్ వెళ్ళి 114 వికెట్లు తీశాడు. అయినా బొంబాయి పోటీల్లో హిందూ జట్టు కెప్టెన్సీ అతనికి దక్కలేదు, తర్వాత తమ్ముడు విఠల్‌కు దక్కింది. జాకీ రాబిన్సన్ పుట్టింది 1919లో. తేదీలు పక్కపక్కన పెడితే పిల్లలే మాట్లాడతారు.

"జాకీ గెలిచాడుగా, ఇంక అంతా బాగైపోయింది" అంటున్నాడు. అక్కడితో ఆపనా?

ఇంకో రెండు తేదీలు చెప్పి ఆపండి. బోస్టన్ రెడ్ సాక్స్ తొలి నల్లజాతి ఆటగాణ్ణి దింపింది 1959లో, రాబిన్సన్ వచ్చిన 12 ఏళ్ళకు. 1974 ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్‌తో బేబ్ రూత్ రికార్డు దాటాడు. ఆ ముందంతా చంపేస్తామని ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. సంతోషం కూడా కావాలంటే 1971 సెప్టెంబర్ 1 చెప్పండి. ఆ రోజు పైరేట్స్ బరిలో దింపిన తొమ్మిదిమందీ నల్లజాతివాళ్ళో లాటిన్ అమెరికా వాళ్ళో. మేజర్ లీగ్‌లో అది మొదటిసారి.

ఫ్లోరిడాలో క్లెమెంటే పుస్తకాన్ని బళ్ళలోంచి తీసేశారట, నిజమేనా?

డువాల్ కౌంటీలో రాష్ట్ర చట్టం ప్రకారం పరిశీలించాలంటూ చాలా పుస్తకాల్ని పక్కన పెట్టారు, వాటిలో జోనా వింటర్ రాసిన క్లెమెంటే పుస్తకం ఉంది. గొడవయ్యాక 2023 ఫిబ్రవరిలో తిరిగి పెట్టారు. మీ బడిలో ఒక పుస్తకం కనపడకపోతే గొడవకు దిగేముందు లైబ్రేరియన్‌ను మర్యాదగా అడగండి. చాలాసార్లు అది ఎవరింట్లోనో మంచం కింద ఉంటుంది.

## చదివాక

మీ ఊరొస్తే పిల్లలకు ఏం చూపించొచ్చు?

గుడికి ఎలాగూ వస్తారు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి దర్శనమయ్యాక ఊళ్ళోకి రండి. రొబెర్టో క్లెమెంటే వంతెన మీద నడిచి పీఎన్‌సీ పార్కుకు వెళ్తే అతని విగ్రహం ఉంటుంది. మైదానంలో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, అతని చొక్కా నంబరు 21 కాబట్టి. లారెన్స్‌విల్‌లో పాత ఫైర్ స్టేషన్‌లో అతని మ్యూజియం ఉంది, వెళ్ళేముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కాన్సాస్ సిటీ వైపు చుట్టాలుంటే అక్కడి నీగ్రో లీగ్స్ మ్యూజియం వదలకండి.

బళ్ళో రిపోర్టు రాయాలి. అందరూ జాకీ రాబిన్సన్ మీదే రాస్తున్నారు.

హోయ్, జెనిమురా, మామీ జాన్సన్ ముగ్గుర్లో ఒకర్ని ఎంచుకోమనండి. టీచర్‌కూ కాస్త మార్పుగా ఉంటుంది.

మావాడు ఎక్కువగా బెంచీ మీదే. గొప్పవాళ్ళ కథలు చదివితే ఇంకా దిగాలు పడడా?

గొప్పవాళ్ళవే చదివిస్తే పడతాడు. 'బేస్‌బాల్ సేవ్డ్ అస్' ఇవ్వండి, అందులో కుర్రాడు పొట్టి, ఆట అంతంతమాత్రం, జట్టుకు ఎంచుకునేటప్పుడు చివర్లో మిగిలేది వాడే. దాంతోపాటు స్కోరు పుస్తకం రాయడం నేర్పించండి. బెంచీ మీద కూర్చున్నవాడికి అదో ఉద్యోగం, కోచ్‌కు వాడి అవసరం పడుతుంది. ఇంకో సంగతి: లిటిల్ లీగ్ మామూలు సీజన్‌లో ప్రతి పిల్లాడికీ కనీసం ఒకసారి బ్యాటింగ్, ఆరు ఔట్లు పడేదాకా ఫీల్డింగ్ ఇవ్వాలని నియమం ఉంది. ఇవ్వకపోతే అడగండి.

అలమర నుంచి తెచ్చిన పుస్తకం మీద ఆవకాయ నూనె పడింది. ఏం చెయ్యాలి?

పౌడరు చల్లి ఒక రాత్రి ఉంచి దులిపి తెచ్చెయ్యండి. డబ్బులొద్దు. హాంక్ ఆరన్ పేజీ మీద ఇప్పటికే ఒక మరక ఉంది, అది మా ఇంటిదే.